పున్నమ్మ మిషన్‌కి బెయిలు లేదు

ఆ కుట్టుమిషన్‌ను దొంగిలించింది మీరే. ఠాణా బాబులూ, వీధి కమిటీ పెద్దలూ, మిమ్మల్నే అంటున్నాను. రసీదు రాసిచ్చి ఎత్తుకుపోతే దొంగతనం కాకుండా పోతుందా?

ఢిల్లీ సర్కారు మీద కోపమొచ్చి కమిటీ వాళ్ళు కలకత్తా మెటియాబ్రుజ్‌లో బందు పెట్టారు. ఢిల్లీ వాళ్ళకి ఆ సంగతి తెలిసిందో లేదో గాని, మా పున్నమ్మ పిన్నికి మాత్రం బాగా తెలిసింది. ఈద్‌కి పది రోజులుంది. బందు రోజు తలుపేసుకుని, తన ఇంట్లో, తన మిషన్ మీద పిల్లల నిక్కర్లు కుడుతోంది. గవరయ్య బాబాయి ఓడల డాకులో మూటలు మోసి మోసి నడుం పోయి మంచాన పడ్డాడు. ఆ మిషన్ తిరిగితేనే ఇంట్లో పొయ్యి వెలుగుతుంది.

చప్పుడు విని కమిటీ వాళ్ళు పోలీసుల్ని తోలుకొచ్చారు. శాంతిభంగమట. ఎవరి శాంతి? ఇంట్లో ఉన్నది బాబాయి ఒక్కడే. ఆయన ఆ టకటక వింటేనే నిద్రపోతాడు.

పిన్నిని వదిలేశారు. మిషన్‌ని పట్టుకుపోయారు. అది సాక్ష్యమట.

మర్నాడు పిన్నితో నేనూ ఠాణాకి వెళ్ళాను. అక్కడి పెద్ద బాబు పేరు హల్దార్. మాటలు బెంగాలీలో నడిచాయి, మన మాటల్లో రాస్తున్నాను, వదిన అనే 'బౌదీ' తప్ప.

"కేసు కోర్టుకెళ్ళేదాకా మిషన్ మా దగ్గరే ఉంటుంది బౌదీ."

"ఎప్పుడెల్తాది?"

"కాగితాలు రావాలి."

"ఏటి కాగితాలు బాబూ? నన్నొగ్గేసి దాన్ని జైల్లో ఎట్టినారు. అదేటి సేసినాది? నేను తొక్కితే తిరిగినాది!"

హల్దార్ నవ్వాడు. నవ్వి, బల్ల కింద నుంచి ఓ మూట తోశాడు. పన్నెండు యూనిఫాం ప్యాంట్లు, అన్నీ చిరుగులే.

"మిషన్ ఇక్కడే ఉందిగా, ఇవి కుట్టిపెట్టు. బాగా కుడితే కాగితాలు తొందరగా కదులుతాయి."

చూశారా? పిన్ని కూటి కోసమైతే సాక్ష్యాన్ని ముట్టకూడదు. బాబుల ప్యాంట్ల కోసమైతే ముట్టొచ్చు!

"వద్దు పిన్నీ, పోదాం పద" అన్నాను.

"నువ్వుండ్రా" అని కూర్చుంది.

నాలుగు రోజులు ఠాణా వరండాలో కుట్టింది. ఐదో రోజు మూట తెచ్చి బల్ల మీద పెట్టింది. హల్దార్ లోపలికెళ్ళి ప్యాంటు తొడుక్కొచ్చాడు. కుడి జేబులోకి చెయ్యి దూరలేదు. ఎడమ జేబులోకీ దూరలేదు. వెనక తడుముకున్నాడు, అదీ అంతే. పన్నెండు ప్యాంట్లకీ జేబులన్నీ అడ్డంగా కుట్టేసి ఉన్నాయి. ప్రతి కుట్టు మీదా ఎర్ర లక్క. రైటరు టీకి వెళ్ళినప్పుడు ఆయన బల్ల మీది లక్కే తీసి, ఠాణా ముద్రే కొట్టింది పిన్ని.

"ఇదేమిటిది?" హల్దార్ గావుకేక పెట్టాడు.

"పట్టుకున్న సొత్తు గుడ్డలో కుట్టి లక్కేత్తారు గదా బాబూ! మీరు పట్టుకున్నయన్నీ సివరాకరికి ఎల్లేది ఈటిలోకే. అందుకే సీలేసినాను."

కానిస్టేబుళ్ళు నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగారు.

"సర్కారు ప్యాంట్లు పాడుచేశావు! కేసు పెడతాను!"

"ఎట్టు. పన్నెండు పేంట్లూ కోర్టుకి అట్రా. జేబులెందుకు కుట్టినానో జడ్జీ బాబుకి నేనే సెప్తాను."

హల్దార్ కేసు పెట్టలేదు. కక్ష మాత్రం తీర్చుకున్నాడు. మిషన్‌ని లోపలి గదిలోకి తోయించి తాళం వేశాడు. నిక్కర్ల పనిచ్చిన దర్జీ యజమాని రేపటిదాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత గుడ్డంతా వేరేవాళ్ళకిచ్చేస్తాడు.

కాబట్టి వినండి. ఎవడికీ దెబ్బ తగలని పనిని నేరమనడం మానండి. జడ్జీ తీర్పు చెప్పకుండా మనిషి బతికే సాధనాన్ని ముట్టకండి. అవన్నీ నేర్చుకునేదాకా మేం ఆగలేం. ముందు ఆ తాళం తీయండి, ఇవాళే, ఇప్పుడే. మిషన్ మోసుకెళ్ళడానికి డాకు మనుషులం నలుగురం గేటు దగ్గరే నిలబడి ఉన్నాం. దారి వదలండి.