గడి ఎనక నడిచిన చెప్పులు

మర్రిగూడ దిక్కు ఆ ఊళ్లె దొరుండే గడి ముందర ఎవ్వలు చెప్పులేసుకొని నడవొద్దు. చేతుల పట్టుకుందమంటే దొరకు దండం పెట్టాలె కద. అందుకని గోడ మొదట్ల విడిచిన చెప్పులు వాటంతటవే ఎనక సందు నుంచి నడిచి, గడి దాటినంక మనిషి కోసం ఎదురుజూసేవి. గది ఎవ్వలకు వింతగాదు. గడి వాకిలూడ్చే సుక్కమ్మ మాత్రం రోజూ వాటిని చూసి పండ్లు కొరికేది.

నిజాం కాలంల రఘుపతి దొర తాతకు ఊరు రాసిచ్చిండ్రట. భూమి ఆయనది, దాని మీద బతికేటోళ్లు ఆయనోళ్లు, తగువు తీర్చేది ఆయనే. ఓట్లొచ్చినంక సర్పంచ్ గూడ ఆ ఇంటోళ్లే. తొంభై అయిదుల కుర్సీ ఆడోళ్లకు రిజర్వయితే, దొర సుక్కమ్మను నిలబెట్టిండు. ఎవ్వలు పోటీకి రాలే. ఎట్లొస్తరు? అందరు దున్నేది ఆయన చెల్కలే. గెలిచిన తెల్లారి గూడ సుక్కమ్మ చీపురే పట్టింది, కుర్సీల దొర కూసున్నడు. థూ, గదేం రాజ్జెం.

ఆ ఎండకాలం ఊరికి మంచినీళ్ల ట్యాంకు మంజూరయింది. ఫ్లోరైడున్న బోరు నీళ్లు తాగి సుక్కమ్మ మనుమరాలు జానమ్మ కాళ్లు వంకర తిరుగుతున్నయి. నీళ్లు మార్చుమని దవాఖానల చెప్పిండ్రు. ఏడికెల్లి మార్చాలె?

"ట్యాంకు గడిలనే కట్టాలె. నల్లా మన చేతులుంటే ఊరు మన చేతులుంటది," అని దొర కొడుకుతోని అంటుంటే, ఊడుస్తున్న సుక్కమ్మ ఇన్నది.

ముహూర్తం నాడు ఇంజినీరు వహీద్ సాబ్ గడికొచ్చిండు. "సర్పంచమ్మా, జర జాగా జూపియ్యి. మొదటి పోటు నువ్వే ఎయ్యాలె."

దొర గడ్డపార ఆమె చేతుల పెట్టి, పెరటి మూల జూపిచ్చిండు. "ఎయ్యే సుక్కీ."

గప్పుడు సుక్కమ్మ చెప్పులు ఎనక సందుకు పోలే. గేట్లకెల్లి సక్కగ వాకిట్లకొచ్చి, ఆమె కాళ్ల ముందర ఆగినయి. ఆమె తొడుక్కున్నది.

"గడిల చెప్పులా? ఒళ్లు బలిసిందానే?" అన్నడు దొర.

"సర్పంచును నేను దొరా. జాగా నేను జూపిస్త."

గడ్డపార భుజానేసుకొని వాడ దిక్కు నడిచింది. కాయిదాల మీద సంతకం సర్పంచుదే కద, వహీద్ సాబ్ ఎనకే నడిచిండు. జానమ్మ కూసున్న గుడిసె ముందర, కండ్లల్ల నీళ్లు కారుతుండంగ, బలమంత పెట్టి పోటేసింది.

దొర ఆమె దున్నే చెల్క గుంజుకున్నడు. జానమ్మ కాళ్లు మళ్ల సక్కగ కాలే, అప్పటికే ఆలిస్యమైంది. దాని ఎనక పుట్టిన చెల్లె మాత్రం నల్లా నీళ్లు తాగి, చెప్పులేసుకొని, గడి ముందరికెల్లే బడికి పోయింది.