జెస్సీ ప్రార్థన అంశం

మురుకుల గొట్టం నొక్కి నొక్కి జెస్సీ అరచేయి కందిపోయింది. పొద్దున ఆరుకు కంపెనీ బస్సెక్కి, మధ్యాహ్నం మూడుకు దిగి, చెప్పులు విడిచీ విడవకముందే పొయ్యి ముట్టించింది. సాయంత్రం క్రిస్మస్ క్యారల్స్ పాడేవాళ్లు వస్తారు, ముప్పై మంది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఆదివారం గుళ్లో, సత్యవేడు సంఘమంతా వింటుండగా, "బుధవారం రాజారత్నం అన్న ఇంట్లో ఫలహారం" అని ప్రకటిస్తే అందరితోపాటే విన్నది. మొగుడు రాజారత్నం సంఘ పెద్ద మరి. మిద్దె మీద నక్షత్రం కట్టి దిగి, నడుము పట్టేసిందని పడుకున్నాడు.

"మా కాలంలో యాభై మందికి ఒక్కదాన్నే వొండినాను. ఇట్లా మొగం పెట్టింది లేదు" అంది అత్త, మంచం మీదనుంచి.

పనికి జెస్సీ ఎప్పుడూ భయపడలేదు. ఆమె భయం వేరే. పోయిన వారం దాన్ని ఒక్క మొగుడికే చెప్పుకుంది.

"మూడు నెల్లుగా కండ్లు మూసుకుంటే ప్రార్థన రాలేదండీ. ఒక్క మాట రాలేదు. వినేవాడు ఉండాడో లేడో అనిపిస్తా ఉండాది."

చిన్నప్పటినుంచీ తనదంటూ ఆమెకున్నది ఆ ప్రార్థనొక్కటే. కంపెనీలో సూపర్‌వైజరు అరిచినా, ఇంట్లో అత్త సణిగినా, కళ్లు మూసుకుంటే గది తలుపు వేసుకున్నట్టుండేది. రాజారత్నం ఆమె తల నిమిరి, "నాకు చెప్పినావు, సాలు. ఇంకెవురికీ చెప్పబాకు" అన్నాడు. పదిహేడేళ్ల కాపురంలో ఆ చేయి అంత మెత్తగా తగలడం అదే మొదలు.

పొద్దుగూకాక డోలక్ మోగింది. పాటలయ్యాయి. జెస్సీ పళ్లెం తిప్పుతుండగా పాస్టరుగారు, "ప్రార్థన అంశాలేమన్నా ఉన్నాయా?" అని అడిగారు. రాజారత్నం లేచి గొంతు సవరించుకున్నాడు.

"మా యింటామె కోసం అందురూ ప్రార్థన చేయాల. ఆమెకు విశ్వాసం పోయింది. దేవుడే లేడంటా ఉండాది."

అనలేదు. ఆమె ఆ మాట అనలేదు.

"అందుకేనా వదినా, మురుకులు ఇంత గట్టిగా వచ్చినాయి!" అన్నాడు డోలక్ కొట్టే ధనంజయ. నలుగురు నవ్వారు. ఎవరో పళ్లెం అందుకుని ఆమెను మోకరింపజేశారు. తల మీద, భుజాల మీద చేతులు పడ్డాయి. అందరికంటే పైకి వినబడింది మొగుడి ఏడుపు గొంతే. ఇట్లాంటి మొగుడు దొరకడం అదృష్టమని వెనక ఒకామె గుసగుసలాడింది.

ఆ చేతుల కింద జెస్సీకి యోసేపు గుర్తొచ్చాడు. ప్రతి డిసెంబరులో వినే కథే. తను చేసుకోబోయే మరియ పెండ్లికి ముందే కడుపుతో ఉందని తెలిసింది ఆయనకు. ఒక్క మాట నలుగురిలో అంటే రాళ్లతో కొట్టి చంపే ఊరు. అనలేదు. దేవదూత కలలోకి రాకముందే, నిజం ఏమిటో తెలియకముందే, నోరు మూసుకున్నాడు. దేవుడు తన బిడ్డను పెంచమని ఇచ్చింది అలాంటివాడి ఇంట్లో. ఈ ఇంట్లో అయితే ఇచ్చేవాడు కాదు. అలా అనుకోగానే లోపల ఏదో కదిలింది. మూడు నెలలుగా రాని మాట నిదానంగా, పూర్తిగా వచ్చింది. పెదవులు కదిలాయి.

అందరూ వెళ్లాక రాజారత్నం వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

"నీ పెదాలు కదిలేది నేను సూసినా. వచ్చింది గదా ప్రార్థన? ఆదివారం గుళ్లో అందురి ముందర లేసి సాక్ష్యం చెప్పాల నువ్వు. ఏమని వచ్చింది, చెప్పు."

జెస్సీ చేతులు తుడుచుకుని ఆయన వైపు తిరిగింది.

"వచ్చింది. మీకు మాత్రం చెప్పను."