దర్వాజ లేని ఇల్లు

పునాది గీతలకు పిడికిట్లో ముగ్గుపిండి పట్టుకుని మొగిలయ్య మేస్త్రీ ఆగిపోయాడు.

"ఇంట్ల ఎవరన్న కడుపుతోటి ఉన్నరా? ఉంటే ముందే చెప్పుండ్రి. నేను ముగ్గు పొయ్య."

భూమేశ్ నవ్వాడు. "ఉన్నదే మేమిద్దరం మేస్త్రీ. ముగ్గు పొయ్యి."

కొబ్బరికాయ పట్టుకుని పక్కనే నిలబడ్డ అతని భార్య వసంత తల దించుకుంది. ఆమెకు నెల తప్పింది. ఆ సంగతి ఇంకా మొగుడికి కూడా చెప్పలేదు.

ఇంట్లో ఆడది కడుపుతో ఉండగా కొత్త ఇంటికి భూమి తవ్వితే, ఇల్లన్నా నిలవదు, కడుపులోదన్నా నిలవదు అంటారు కోరుట్లలో. చెబితే పని ఆగిపోతుంది. భూమేశ్ రెండు రోజుల్లో దుబాయి విమానం ఎక్కుతాడు. మళ్ళీ సెలవు దొరికేది ఏ రెండేళ్ళకో. ఇల్లు లేకుండా పిల్లలు వద్దన్నది అతని మొండిపట్టు. ఆ పట్టు మీదే ఒకసారి జగిత్యాల తీసుకుపోయి కడుపు తీయించాడు. వచ్చేటప్పుడు డాక్టరమ్మ వసంతను పక్కకు పిలిచి, ఇంకోసారి ఇట్లా చేస్తే మళ్ళీ నీకు కడుపు నిలవదమ్మా అని చెప్పింది.

పిండి రాలింది. ముగ్గు గీత సాగింది. వసంత కొబ్బరికాయ అందించింది.

కోరుట్లలో వాళ్ళుండేది లసుమవ్వ ఇంట్లో అద్దెకు; వసంత అక్కడే బీడీలు చుట్టేది. ఆరు పోర్షన్లు, అందరికీ ఒకటే నల్లా. దిగిన రోజే లసుమవ్వ షరతు పెట్టింది. అద్దెకున్నవాళ్ళు తన ఇంట్లో పురుడు పోసుకోవద్దు, ఇంటివాళ్ళకు కీడు. కడుపు కనబడ్డ రోజే ఖాళీ చేయాలి. వెనక పోర్షన్ కల్పన అట్లాగే సామాను సర్దుకుని పోయింది. వసంతకు పోవడానికి పుట్టిల్లు లేదు. తల్లి లేదు. అన్న శ్రీహరి సిరిసిల్లలో సాంచాల మీద, మరమగ్గాల మీద బట్ట నేస్తూ, పెళ్ళాం పిల్లలతో ఒక్క గదిలో ఉంటాడు.

కాబట్టి వసంత లెక్క ఒకటే. గడప నిలబడే దాకా దాచాలి. గడప నిలిచిన ఇంటి పనిని ఎవరూ ఆపరు. ఆ తర్వాత చెప్పినా, ఏడ్చినా, తిట్లు తిన్నా తన ఇంట్లోనే.

భూమేశ్ వెళ్ళిపోయాడు. ఇటు పిల్లర్లు లేచాయి, అటు కడుపు లేవసాగింది. వసంత మొగుడి పాత అంగీ చీర మీద తొడుక్కుని గోడలకు నీళ్ళు పట్టేది. కూలికి పోయే ఆడవాళ్ళంతా అట్లాగే తొడుక్కుంటారు గనక ఎవరికీ అనుమానం రాలేదు. శుక్రవారం సెలవు రోజున భూమేశ్ ఇంటి ఫోటో అడిగేవాడు. ఆమె గోడల ఫోటో పంపేది, తను మాత్రం అందులో పడేది కాదు.

అసలు చిక్కు లసుమవ్వతో. ఆ ఇంట్లో ఆడవాళ్ళు నెలసరి మూడు రోజులు నల్లా ముట్టరు, పక్కవాళ్ళతో నీళ్ళు పట్టించుకుంటారు. ఎవరు ఎప్పుడు దూరమున్నారో లసుమవ్వకు కంఠతా వచ్చు. అందుకని వసంత నెలనెలా అబద్ధపు దూరం ఉండేది. చాప విడిగా వేసుకునేది, బిందె బయట పెట్టేది. లసుమవ్వే పాపం నీళ్ళు పోసి పోయేది.

స్లాబు పడింది. మూడు వైపులా గోడలు లేచాయి. ముందు వైపు గడపతో కలిసిన దర్వాజ చట్రం పెట్టడానికి ఖాళీ ఉంది. పంతులు వచ్చే వారానికి ముహూర్తం చెప్పాడు. ఆ ధీమాతోనే వసంత ఆ పొద్దున లసుమవ్వకు దూరమున్నానని చెప్పి బిందె బయట పెట్టింది.

అప్పుడే మొగిలయ్య ఫోన్ చేశాడు. పంతులు లెక్క తప్పాడట. రేపటి నుంచి మూఢమట, ఇక మూడు నెలలు ముహూర్తాల్లేవట. దర్వాజ పెడితే ఈ రోజే, మధ్యాహ్నం లోపే.

మూడు నెలలంటే కడుపు దాగదు. వసంత గబగబా స్నానం చేసి, సందు వెనక నుంచి ప్లాటుకు ఉరికింది. లసుమవ్వ అంగడికి పోయింది, ఇప్పట్లో రాదనుకుంది.

మేస్త్రీ, వడ్రంగం చేసే వడ్లాయన కలిసి దర్వాజ నిలబెట్టారు. వసంత గడపకు పసుపు రాసింది, బొట్లు పెట్టింది. మేస్త్రీ తాపీ అందుకున్నాడు. కింద సిమెంటు పడితే అయిపోయినట్టే.

"ఆగు మొగిలీ."

లసుమవ్వ. ఇటు వచ్చే ముందు మేకులకు అంగడికి పోయిన వడ్లాయనే ఆమెకు చెప్పాడట. కిరాయిదారు అయితే ఏమిటి, ఆడపిల్ల గడప పెట్టుకుంటోందని కొబ్బరికాయ కొనుక్కుని మరీ వచ్చింది. ఆమె చూపు వసంత పసుపు చేతుల మీద ఆగింది.

"పొద్దుగాల దూరమున్న అంటివి గదనే? మైలతోటి గడప ముడుతవా?"

మేస్త్రీ తాపీ గాలిలోనే ఆగింది. వడ్లాయన దర్వాజ వదలకుండానే ఒక అడుగు వెనక్కి వేశాడు.

వసంత ముందు రెండే దారులు. అవును, దూరమున్నానంటే, దర్వాజ దించి కడిగి, మూఢం పోయినాక మళ్ళీ ముహూర్తం. అప్పటికి తను లసుమవ్వ ఇంట్లో కనబడే కడుపుతో ఉంటుంది. కాదంటే, నెలనెలా ఎందుకు అబద్ధమాడిందో ఇప్పుడే చెప్పాలి.

"మైల లేదవ్వా," అంది. "నాకు ఐదో నెల."

మొగిలయ్య తాపీ కింద పెట్టాడు. వేళ్ళు మడిచి వెనక్కి లెక్క కట్టాడు.

"ముగ్గు పోసిననాడు?"

"అప్పుడు సుత."

అతను తిట్టలేదు. సంచి సర్దుకుంటూ, "నా చేతుల మీదికెల్లి గింత పని చేపిచ్చినవా చెల్లె. నాకు ముగ్గురు పిల్లలున్నరు," అన్నాడు. దర్వాజ దించి లోపల పడుకోబెట్టారు. లసుమవ్వ కొబ్బరికాయ కొట్టకుండానే కొంగులో కట్టుకుంది. నెలాఖరు దాకా ఉండు బిడ్డా, ఆ పైన నా వల్ల కాదని చెప్పి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం భూమేశ్ ఫోన్ చేశాడు. కబురు అప్పటికే దుబాయి చేరింది.

"జగిత్యాలకు పో," అన్నాడు. "ఇల్లు కానియ్యి. పిల్లలెప్పుడన్న అయితరు."

"డాక్టరమ్మ ఏమన్నదో నీకు చెప్పిన."

"చెప్పినవు. మరి ఏడ కంటవ్? పన్నెండు మందితోటి ఒక్క రూంల పంటున్న నేను, గా ఇంటి కోసం. చెప్పు, ఏడ కంటవ్?"

వసంత ఆ ఫోన్ పెట్టేసి సిరిసిల్లకు ఫోన్ చేసింది. వదిన సృజన మంచిదే. రమ్మంది, ఆ వెంటనే గొంతు తగ్గించి, మా ఓనర్ సుత గట్లనే అంటడు వసంతా అంది. వసంత మళ్ళీ అడగలేదు.

నెలాఖరున సామాను ఆటోలో పెట్టుకుని బస్టాండు దాకా వెళ్ళింది. జగిత్యాల బస్సు నిండి బయలుదేరింది. కండక్టర్ పిలిచాడు కూడా. ఆమె ఆటో దిగలేదు. ప్లాటుకు తిప్పమంది.

సెంట్రింగ్ చెక్కలు తీసుకుపోవడానికి మొగిలయ్య అక్కడే ఉన్నాడు. గోడల మధ్య సామాను దింపుతున్న వసంతను చూసి గాబరాపడ్డాడు. కడుపుతో కొత్త ఇల్లు చొరవద్దన్నాడు.

"గడప లేంది ఇల్లయితదా మేస్త్రీ?"

"గడప లేకుంటె ఇల్లెట్లయితది? ఉత్త గోడలు."

"ఉత్త గోడల నడుమ ఉంటె కీడేంది?"

మొగిలయ్య చేతిలో చెక్క దించాడు. తన తాత ఇట్లాంటిది చెప్పలేదన్నాడు. చివరికి తలగోక్కుని, చెక్కల్లో రెండు ఆమెకు పొయ్యి చాటుకు వదిలి వెళ్ళిపోయాడు. పురుడయ్యేదాకా ఆ వైపు రానన్నాడు, రాలేదు.

దర్వాజ ఖాళీకి వసంత పాత చీర కట్టింది. వాన కొడితే చీర తడిసి, నీళ్ళు లోపలికి వచ్చేవి. కుక్కలు వచ్చేవి. మనసాగక కావచ్చు, లసుమవ్వ ఒక పాత తలుపు ఆటోలో వేసి పంపింది. వసంత దాన్ని దింపనీయకుండానే తిప్పి పంపేసింది. తలుపుంటే ఇల్లవుతుంది. ఇల్లయితే తను బయటికి పోవాలి.

భూమేశ్ ఫోన్ చేయడం మానేశాడు. శుక్రవారం ఫోటో కూడా అడగలేదు. అయినా ఒక శుక్రవారం, పక్క ప్లాటులో ఇటుకలు మోసే వెంకటవ్వ చేతికి ఫోన్ ఇచ్చి వసంత ఆ ఖాళీలో నిలబడింది. అంగీ విప్పేసి, పక్కకు తిరిగి. కడుపు ముందు, గోడలు వెనక.

"నవ్వవేందే?" అంది వెంకటవ్వ.

"పడ్డదా లేదా చెప్పు."

ఫోటో పోయింది. కాసేపటికి వాట్సాప్‌లో రెండు టిక్కులు నీలమయ్యాయి. చూశాడు. వసంత ఫోన్ పట్టుకునే కూర్చుంది. వెంకటవ్వ పని ముగించుకుని, కాళ్ళు కడుక్కుని, ఇంటికి పోయే వేళైనా అది మోగలేదు.

వసంత లోపలికి వచ్చింది. నేల మీద పడుకోబెట్టిన దర్వాజ చెక్క మీద పసుపు ఇంకా ఉంది. గడప మీద కూర్చోవద్దంటారు. నిలబెట్టని గడప గడప కాదు. దాని మీదే కూర్చుని బీడీల చాట అందుకుంది. ఒళ్ళో పెట్టుకోబోతే చాట పట్టలేదు. కొంచెం ముందుకు జరిపి, మోకాళ్ళ మీద ఆనించుకుని, ఆకు కత్తిరించడం మొదలుపెట్టింది.