వరసల మధ్య దారి

మంగళవారం పొద్దున పదకొండు గంటలకు ఇందుమతి గోరంత సిలికాన్ స్ఫటికంలోకి నడిచి వెళ్లిపోతుంది. ఆమె పనిచేసే ప్రయోగశాలలో, స్ఫటికాల్లో వరసలు తీరిన పరమాణువుల మధ్యకు అయాన్లను వేగంగా పంపే యంత్రాన్ని నడిపేది ఆమే. పక్క గదిలో, ఆ యంత్రంలోంచి గాలి తోడేసే పంపులు చూసుకునే ఆమె భర్త ఫణిభూషణం, చెప్పులు విప్పి ఆమె వెనకే లోపలికి వెళతాడు.

వాళ్ల పాప తొమ్మిది రోజులు బతికింది. పాప పేరు ఎక్కడా రాసి లేదు. మొదటి సగం ఇందుమతి దగ్గరుంది, రెండో సగం అతని దగ్గర. ఇద్దరూ కలిసి పలికితేనే అది పేరవుతుంది.

లోపల ఎండగా ఉంది. రెండు పక్కలా మనుషులు వరసలుగా నిలబడి ఉన్నారు, అందరి మధ్యా ఒకటే ఎడం. ఫణిభూషణం కాస్త ఒరిగితే చాలు, ఆ పక్కవాళ్లు మోచేతులతో మెల్లగా దారి మధ్యలోకి నెడతారు. నెట్టినప్పుడల్లా అతని దగ్గర ఏదో కొంచెం తీసుకుంటారు. మొదట అరచేతుల వేడి పోతుంది. తరవాత వాళ్లుండే వీధి పేరు. తరవాత పెళ్లినాడు వాన పడిందో లేదో.

"ఎందుకు తీసుకుంటున్నారు?" అని ఒక ముసలాయన్ని అడుగుతాడు.

"నువ్వు దాటి పోతున్నావు కదా బాబూ. మాకు కదిలే వీల్లేదు."

ఎడమ వరస అవతలి దారిలోంచి ఇందుమతి అడుగుల చప్పుడు వినిపిస్తుంది.

"ఇందూ, పేరుందా ఇంకా?"

"నా సగం ఉందండీ. మీరు తిన్నగా నడవండి. తిన్నగా నడిస్తే తక్కువ పోతుంది."

"తిన్నగా నడిస్తే నిన్నెప్పుడు కలుస్తాను?"

"కలవరు," అంటుంది.

అతని నడక మందగిస్తోంది. ఇంకాస్త ఆగితే వరసను దాటే సత్తువ కూడా ఉండదు. ఎడమకు తిరిగి, అక్కడ నిలబడ్డ మనిషిని రొమ్ముతో గుద్దుతాడు. ఆ మనిషి తన చోట్లోంచి ఊడి దొర్లుకుంటూ పోతాడు. ఫణిభూషణం దగ్గర మిగిలినదంతా ఆ ఒక్క దెబ్బకు ఆ మనిషి వెంటే పోతుంది, పాప పేరులో రెండో సగంతో సహా.

ఖాళీ అయిన చోట ఫణిభూషణం పాదాలు సరిగ్గా సరిపోతాయి. ఇక లేవవు.

ఇందుమతి నెమ్మదిగా నడుస్తూ అతని ముందుకొస్తుంది.

"మీ సగం చెప్పండి," అంటుంది.

ఆమె ఎవరో అతనికి తెలియదు. అందరిలాగే మోచెయ్యి చాచి, ఆమె దగ్గర ఏదో కొంచెం తీసుకుని, మెల్లగా దారి మధ్యలోకి నెడతాడు. ఆమె ఇంకేమీ అడగకుండా దాటిపోతుంది.

అతని చొక్కా రొమ్ము దగ్గర వెచ్చగా తడుస్తుంది. తల వంచి చూస్తాడు. పాలు. ఆగకుండా కారుతున్నాయి. కనుచూపు మేర వరసల్లో నిలబడ్డవాళ్లంతా అతనివైపు తలలు తిప్పి నోళ్లు తెరుస్తారు. ఏ నోట్లోనూ ఒక్క పన్ను లేదు.