అమ్మ జన్యువు, సారు రక్తం

ల్యాబులో అందరూ ఆమెను ఎంజైమమ్మ అంటారు. ఆమె ఎంజైముల పని మొదలైంది వాళ్ళమ్మ మూలంగానే. అమ్మకు ఆపరేషన్లో కండరాలు సడలడానికి ఇచ్చిన మందు నిమిషాల్లో దిగాల్సింది. పూట గడిచినా దిగలేదు, మిషనే ఊపిరి పోసింది. నరం కండరానికి పంపిన కబురును తుడిచేసే ఎంజైము ఒకటుంది. దాని చెల్లెలులాంటి ఇంకో ఎంజైము ఈ మందును విరగ్గొట్టాలి. అమ్మ ఒంట్లో ఆ చెల్లెలు ఒట్టి బద్ధకస్తురాలు. అమ్మ రక్తంలోంచి ఆ జన్యువును తీసి, బాక్టీరియాలో పెట్టి, నకళ్ళు పెంచి, లోపం ఎక్కడుందో పట్టుకునేసరికి ఎంజైమమ్మ నరాలు తెగినంత పనైంది.

నకలు ఆమె తీస్తే, నకిలీ పని ల్యాబు పెద్ద సారు చేశాడు. అచ్చయిన వ్యాసంలో ఆమె పేరు లేదు, అమ్మ ఊసు లేదు. లోపమున్న ఆ జన్యువు తన రక్తంలోదేనని రాసుకున్నాడు. సభలో "ఈ పరిశోధనకు నా రక్తం ధారపోశాను" అని చప్పట్లు కూడా కొట్టించుకున్నాడు. మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరు పక్కన కూర్చున్నా ఆమె పగ చల్లారలేదు.

ఇంతలో సారుకు హెర్నియా ముదిరింది. ఆపరేషనని తెలియగానే ఆమె మత్తు డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"మా సారుకు ఆ ఎంజైము బలహీనమండీ. ఆయనే వ్యాసంలో రాసుకున్నారు. పంపమంటారా?"

"బాబోయ్, పంపండి! రక్తం పరీక్ష చెయ్యందే ఆయన్ని ముట్టుకోను."

ఆపరేషన్ ఆగింది. పరామర్శ వంకతో ఆమె వార్డుకెళ్ళి, సారు మంచం పక్కన కుర్చీ లాక్కుంది. డాక్టరమ్మ ఫలితం తెచ్చింది.

"సారూ, మీ ఎంజైము గుర్రంలా ఉంది! మరి వ్యాసంలో రక్తం ఎవరిదండీ?"

సారు ముఖంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. "అది... ఈ అమ్మాయి వాళ్ళమ్మది."

డాక్టరమ్మ ఆయన్ని ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

"ఏంటమ్మా ఈ కక్ష? నన్నే అడగొచ్చుగా!"

"అడిగాను సారూ. ఎప్పుడడిగినా మీటింగులో ఉన్నారు."

"సరే, నీ పేరు చేరుస్తాలే."

"చేర్చడమేంటి? మొదటి పేరు నాది. జన్యువు మా అమ్మది. మీరు అబద్ధం రాశారని కూడా అచ్చవ్వాలి."

"నా పరువు..."

"దానికీ హెర్నియానే సారూ, బయటికి రాక తప్పదు." వ్యాసం అచ్చేసిన పత్రిక సంపాదకుడికి ఫోన్ కలిపి, స్పీకరు నొక్కి, సారు గుండెల మీద పెట్టింది.

సారు గొణగడం మొదలుపెట్టాడు.

"గట్టిగా చెప్పండి సారూ," అంది ఎంజైమమ్మ, "చివరి మంచం వాళ్ళకు వినపడటం లేదు."