మీ టైం వచ్చేసింది

నాది గడియారాలు బాగుచేసే షాపు. పొద్దున్నే మెయిల్ తెరిస్తే చాలు, ఒళ్ళు మండిపోతుంది. బట్టతలకి మందని ఒకడు, లాటరీ తగిలిందని ఇంకొకడు. అన్నీ చదవకుండానే చెరిపేస్తాను.

అసలు మంట అది కాదు. బాగుచేసిన పంతొమ్మిది గడియారాలు అరలో కూర్చుని టిక్కుటిక్కుమంటున్నాయి. వాటి తాలూకు వాళ్ళందరికీ మూడేసిసార్లు మెయిల్ పెట్టాను. ఒక్కరూ ఉలకరు, పలకరు.

ఈరోజు వాళ్ళలో ఒకావిడ, లెక్కల టీచరమ్మ, షాపు ముందునుంచి పోతుంటే ఆపి నిలదీశాను.

"మీ షాపునుంచి నాకేం రాలేదండీ," అంటూ ఆవిడ ఫోను తీసి, చెత్త మెయిళ్ళు పడే చోట వెతికింది. బట్టతల మందు పక్కనే నావి మూడూ ఉన్నాయి. అందంగా ఉంటుందని నేనే కూర్చుకున్న వాక్యం: 'మీ టైం వచ్చేసింది. రాకపోతే మా పూచీ లేదు.'

టీచరమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఇది మీరా? ఎవడో బెదిరిస్తున్నాడని హడలి చచ్చాను. ఎవరు నువ్వని జవాబు కూడా రాసి, చెత్తలో పారేశాను కదా."

'ఎవరు నువ్వు?' అని వారం రోజులుగా మెయిళ్ళు తెగ వస్తున్నాయి. ధ్యానం నేర్పేవాళ్ళ ప్రకటన అనుకుని అన్నీ చెరిపేశాను.