ముప్ఫై రెండు ఫిర్యాదులు

కంప్యూటర్ గదిలో నా ఇంగ్లీషు క్లాసుకి చోటు సంపాదించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మా హెడ్మిస్ట్రెస్‌ని అందరం పెద్దమేడం అంటాం. ఆవిడ ఆ గదిని లెక్కలకీ సైన్సుకీ పంచేసి, "ఇంగ్లీషుకి నల్లబల్ల చాలదా?" అన్నారు. నేను ఊరుకునే రకం కాదు. రోజు విడిచి రోజు వెళ్ళి చెవిలో జోరీగలా పోరుపెట్టాను. చివరికి ఆవిడే విసిగిపోయి, "రెండు వారాలు తీసుకోండి. రెండో శుక్రవారం నేనొచ్చి చూస్తాను. బాగుంటే ఏడాదంతా మీదే. లేకపోతే మళ్ళీ నా గుమ్మం తొక్కొద్దు" అన్నారు.

ఇక నేను ఆగితేనా. ఇంట్లో మా ఆయన పలకరించినా పలకకుండా సైట్లు వెతికాను. ఒకదానిలో ఏ కథ తీసుకున్నా తేలికగా, ఓ మాదిరిగా, కష్టంగా మూడు రకాలుగా రాసి ఉంటుంది. తడబడే పిల్లా, గడగడ చదివే పిల్లా ఒకే కథ చదవొచ్చు. కథని చదివి వినిపించే గొంతు కూడా ఉంది. ఇంకోదానిలో ఎక్కడెక్కడి టీచర్లో తాము చేసిన అభ్యాసాలు ఉచితంగా పెట్టారు. ముక్కూమొహం తెలియని ఆ టీచర్లందరినీ మనసులోనే అక్కా, చెల్లీ అని పిలుచుకున్నాను. మూడోది నిఘంటువు. మాట పక్కన చిన్న స్పీకరు బొమ్మ, నొక్కితే ఆ మాట పలుకుతుంది.

మా ఏడో తరగతిలో ముప్ఫై రెండు మంది, గదిలో పదహారు కంప్యూటర్లు. మొదటి రోజే గది హోరెత్తిపోయింది. ఇంగ్లీషు పీరియడంటే కడుపునొప్పి తెచ్చుకునే పిల్లలు గంట కొట్టినా కుర్చీలు వదల్లేదు. "ఇంకో పేజీ చదువుకోవచ్చా టీచర్" అని ఒక పిల్ల అడిగింది. పందొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆ మాట వినడం అదే మొదలు. నా కాళ్ళు నేలమీద నిలవలేదు.

రెండో వారం ఓడలకి దారి చూపే ఒక దీపస్తంభం కాపలాదారు కథ ఇచ్చాను. ఆయన ఉండేది సముద్రం మధ్య ద్వీపంలో. ద్వీపానికి ఇంగ్లీషు మాట స్పెల్లింగు పిల్లలకి గుర్తుండాలని నేనెప్పుడో ఒక చిట్కా కనిపెట్టాను: చుట్టూ నీళ్ళున్నా అది నేలే, 'ఈజ్ ల్యాండ్'. కాబట్టి ఇజ్‌లాండ్. మన భాషలో రాసిన ప్రతి అక్షరాన్నీ పలుకుతాం కదా, రాసి పలక్కుండా వదిలేస్తే ఎలా అనుకునేదాన్ని. ఆ చిట్కా అంటే నాకు మహా గొప్ప. దాన్ని ఏ బ్యాచికీ చెప్పకుండా వదల్లేదు.

ఆ కథ చదివిన రోజు పిల్లలు గుసగుసలాడుకోవడం గమనించాను. మధ్యలో ఉన్నది లాయరమ్మ. ఎవరికి అన్యాయం జరిగినా వాదించడానికి లేస్తుందని ఆ పిల్లకి క్లాసు పెట్టిన పేరది. "ఏంటర్రా?" అంటే, "ఏం లేదు టీచర్, చిన్న పని" అంది. పనే కదా అని నేనూ పట్టించుకోలేదు.

శుక్రవారం పెద్దమేడం నోటుబుక్కుతో వచ్చి వెనక వరసలో కూర్చున్నారు. గోడమీది తెరపై కథల సైటు తెరిచాను. మా తరగతి పేరున ఉత్తరమొకటి వచ్చి ఉంది. మెచ్చుకుంటూ రాశారనుకుని, మేడం వినాలని గట్టిగా చదవడం మొదలుపెట్టాను. "మీ తరగతి నుంచి ఒకే మాట మీద ముప్ఫై రెండు ఫిర్యాదులు అందాయి. ఇంత శ్రద్ధగా విన్నందుకు కృతజ్ఞతలు. అయితే ఆ మాటలో ఎస్ పలకదు. ఐలండ్ అనే అంటారు." చివరికొచ్చేసరికి నా గొంతు నాకే వినపడలేదు.

లాయరమ్మ లేచి నిలబడింది.

"వాళ్ళకి అర్థం కాలేదు టీచర్. కథ చదివే ఆయన ఎస్ మింగేస్తున్నాడు. తప్పుంటే చెప్పమని కింద బటనుంది కదా, అందరం తలా ఒకటి రాశాం. ఈసారి మీరు చెప్పారని రాద్దాం. అప్పుడు ఒప్పుకుంటారు."

నేను నిఘంటువు తెరిచి స్పీకరు నొక్కాను. ఐలండ్ అంది. మళ్ళీ నొక్కాను. అదే మాట. వెనక మేడం కలం ఆగిపోయింది.

'వాళ్ళ యాస వేరులే' అనేస్తే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనడం నాకు కొత్తేం కాదు, మా ఆయన్ని అడిగితే చెబుతాడు. కానీ ఈ పిల్లలు నా మాట నిలబెట్టడానికి ఎక్కడో ఉన్న పెద్దమనిషితో పోట్లాడారు. వాళ్ళని చూస్తే సిగ్గేసింది, అంతకు మించి ముద్దొచ్చారు. గది పోతే పోయిందనుకున్నాను.

"రాయొద్దమ్మా. తప్పు ఆయనది కాదు, నాది. పందొమ్మిదేళ్ళుగా తప్పు చెబుతున్నాను."

లాయరమ్మ మొహం చిన్నబోయింది. "అయితే ఇంకా ఏమేం తప్పు చెప్పారు టీచర్?" అంది. పొగరుగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

"నాకూ తెలీదు. ఇవాళ పాఠం అదే. నోటుబుక్కులు తీయండి. నేను చెప్పిన మాటలన్నీ స్పీకరు నొక్కి వినండి. నా తప్పు దొరికితే చెయ్యెత్తండి."

ఇక చూడాలి సంబరం. టీచరు తప్పులు పట్టమంటే ఏ పిల్లలు ఊరుకుంటారు? "సాల్మన్‌లో ఎల్ లేదు టీచర్." "సోర్డ్‌లో డబ్ల్యూ వద్దంట." "రిసీట్‌లో పీ దండగ." నేను నల్లబల్ల మీద రాసి, పలకని అక్షరాన్ని కొట్టేస్తూ పోయాను. ఒక్కో తప్పు దొరికినకొద్దీ నాకే హుషారు పెరిగింది. ఎప్పుడూ నోరువిప్పని పిల్లలు కూడా నిలబడి అరుస్తున్నారు. గంట కొట్టేసరికి పద్నాలుగయ్యాయి.

పెద్దమేడం బల్లదాకా వచ్చి, "రిసీట్ అనాలా?" అని మెల్లగా అడిగారు.

"అవునండి."

"ఇన్నేళ్ళూ ఆఫీసులో రిసీప్టు, రిసీప్టు అని అరిచి చచ్చాను." ఆ మాట నోటుబుక్కులో రాసుకుని, "ఏడాదంతా మీరే తీసుకోండి ఈ గది" అని వెళ్ళిపోయారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పిల్లలుండబట్టి ఆగాను.

అందరూ వెళ్ళాక కూడా లాయరమ్మ టైపు చేస్తూనే ఉంది.

"రాయొద్దన్నానుగా."

"ఫిర్యాదు కాదు టీచర్, క్షమాపణ. ఊరికే ఆయన్ని అన్నాం కదా."

వంగి చూశాను. సారీ సర్, మీరు చెప్పిందే కరెక్టు అని ఇంగ్లీషులో చక్కగా రాసింది. దాని కింద, "అవర్ టీచర్ ఓన్లీ టోల్డ్ అస్." 'మా టీచరే చెప్పారు' అన్నదాన్ని మాటకి మాట దించేసింది. చదివేవాళ్ళకి 'మా టీచర్ మాకు మాత్రమే చెప్పారు' అని అర్థమవుతుంది. దిద్దడానికి నా చెయ్యి ముందుకెళ్ళింది.

"తప్పుందా టీచర్?"

"ఉంది. సోమవారం చెబుతాను. ఇది మాత్రం ఇలాగే పంపు."